టచింగ్ బల్ల దగ్గర శిష్యరికం

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే దాచేపల్లి ఫొటో స్టూడియోల్లో కుర్రాళ్లకు కంటి మీద కునుకుండదు. రాత్రి ముహూర్తం, తెల్లవారుజామున అప్పగింతలు, పొద్దెక్కేసరికి మెమరీ కార్డుల్లోంచి వేల ఫొటోలు కంప్యూటర్‌లోకి దిగాలి. మిర్చి, పత్తి డబ్బులు ఇళ్లకు చేరే కాలం కూడా అదే కాబట్టి పెళ్లి ఖర్చుకు వెనకాడేవాళ్లు తక్కువ. ఒక పక్క నాగులేరు, ఒక పక్క నడికుడి రైల్వే జంక్షన్, నడుమ సిమెంటు లారీలు దుమ్ము లేపే అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు. ఇలాంటి ఊళ్లో ఫొటో పని నేర్చుకోవాలనుకున్న పిల్లవాడు కాలేజీ కోసం వెతకడు. తెలిసినవాళ్ల ద్వారా ఓ స్టూడియో యజమాని దగ్గరికి వెళ్లి, "అన్నా, నేను కూడా వస్తా" అంటాడు. మొదటి సీజనంతా లైటు స్టాండు మోస్తాడు. రెండో సీజన్లో కంప్యూటర్ పక్కన ఒక స్టూలు వేస్తారు. చదువంతా ఆ స్టూలు మీదే.

తెలుగునాట ఫొటోగ్రఫీ పుట్టిన నాటి నుంచీ ఈ విద్య ఇలాగే నడిచింది. పనిమంతుడి పక్కన కూర్చుని, అతని చేతిని చూస్తూ నేర్చుకోవడమే దారి. ఆ కథకు మొదలు వెతికితే, చిత్రంగా, పల్నాటి నేలలోంచి తవ్వి తీసిన రాళ్ల దగ్గరే తేలుతుంది.

ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న అమరావతి స్తూపాన్ని 1845లో సర్ వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ సున్నపురాతి శిల్పాలు మద్రాసు చేరి కొన్నాళ్లు దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉన్నాయి. వాటిని 1858లో కెమెరాకెక్కించినవాడు కెప్టెన్ లినేయస్ ట్రైప్. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ అతను. మరుసటి ఏడాది ఆ శిల్పాలు ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి, బొమ్మలు మాత్రం మిగిలాయి. పల్నాటికి చెందిన వస్తువుల మీద కెమెరా వాలిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అది కూడా పల్నాటికి దూరంగా, మద్రాసు మ్యూజియంలో జరిగింది.

ట్రైప్ గురించి తెలుసుకోవాల్సిన సంగతి ఇంకోటి ఉంది. అతను ఎక్కువగా మైనం పట్టించిన కాగితపు నెగెటివ్‌లు వాడేవాడు. ఆనాటి రసాయనాలకు నీలం రంగు మీద మక్కువ ఎక్కువ. ఆకాశం మితిమీరి పండిపోయి, అచ్చులో తెల్ల కాగితంలా వచ్చేది. చెట్ల ఆకులేమో నల్లటి ముద్దగా తేలేవి. ట్రైప్ ఊరుకోలేదు. నెగెటివ్ మీద కుంచెతో రంగు అద్ది లేని మబ్బులు సృష్టించాడు, ఆకుల మీద వెలుగు పుట్టించాడు. అంటే మన ప్రాంతంలో ఫొటోగ్రఫీ ఎంత పాతదో, ఫొటో దిద్దడం కూడా దాదాపు అంత పాతదే. ఎడిటింగ్ అంటే కంప్యూటర్లు వచ్చాక పట్టిన జాడ్యమని విసుక్కునే పెద్దలు ఒకసారి ఆ మబ్బులు చూస్తే బాగుండు.

అదే మద్రాసులో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ 1850లో చిత్రకళా పాఠశాల ఒకటి తెరిచాడు. 1856లో మద్రాసు ఫొటోగ్రాఫిక్ సొసైటీ పుట్టడంలోనూ ఆయన చెయ్యి ఉంది. ఆ పాఠశాలకు చెందిన అయ్యస్వామి అనే యువకుడు ట్రైప్‌కు సహాయకుడిగా పనిచేశాడు. దొర పక్కన నిలబడి కాగితానికి మైనం పట్టించడం దగ్గర్నుంచి అచ్చు వేయడం దాకా నేర్చినవాళ్లలో మనకు తెలిసిన దక్షిణాది పేరు అది. 1860కల్లా ఖజానాకు ఇది దండగ ఖర్చని ప్రభుత్వం ట్రైప్ పని ఆపేసింది. దొర వెళ్లిపోయినా పని తెలిసిన చేతులు మద్రాసులోనే ఉండిపోయాయి.

హైదరాబాదు కథ వేరు. అక్కడ గురువు లేకుండానే గురువైనవాడు ఒకాయన వచ్చాడు. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టిన లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజినీరింగు చదివి, 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్‌లో లెక్కలు, నక్షాల ఉద్యోగంలో చేరాడు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. పదేళ్లు తిరిగేసరికి వైస్రాయిల నుంచి రాజుల దాకా ఆయన ముందు కూర్చున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' బిరుదు పొందాడు. ఆయన స్టూడియోలో పదుల మంది పనివాళ్లు ఉండేవారు. కెమెరా వాళ్లు వేరు, అచ్చు వేసేవాళ్లు వేరు, దిద్దేవాళ్లు వేరు. పరదా చాటు స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిపించి, దాన్ని కెన్నీ–లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ చేతికి అప్పగించాడు. కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇద్దరూ తండ్రి దగ్గరే పని నేర్చారు. 1905లో ఆయన పోయాక కూడా దుకాణం పేరు మాయలేదు. 1908 మూసీ వరదల్లో కూలిన హైదరాబాదును మనం ఇవాళ చూస్తున్నది చాలావరకు ఆ స్టూడియో చలవే.

కోస్తాలో ఇంకో మలుపు. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసు మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో నడిపేవాడు. బొమ్మ గీయడం, ఫొటో తీయడం రెండూ వచ్చినవాడు. 1910 ప్రాంతంలో సినిమా బొమ్మలు ఆడించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం మీద మోజుపడి, స్టూడియో తాకట్టు పెట్టి దాన్ని కొన్నాడు. కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్య నేర్చుకు రమ్మని విదేశాలకు పంపాడు. 1921లో వచ్చిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఆ చదువు ఫలితమే. తెలుగు సినిమా పితామహుడని మనం చెప్పుకునే మనిషి పెట్టుబడి, నిజానికి, ఒక ఫొటో స్టూడియో.

ఈ విద్య మహానగరాల నుంచి పల్నాటి లోతట్టుకు రావడానికి రైలు కావలసి వచ్చింది. 1930–31 నాటికి గుంటూరు నుంచి మాచర్లకు మీటర్ గేజి లైను పడింది. నెగెటివ్ గాజు పలకలు, బ్రోమైడ్ కాగితం, హైపో డబ్బాలు బండిమీద తెచ్చుకోవడం తేలికైంది. గుంటూరులోనో నరసరావుపేటలోనో ఒక స్టూడియోలో నాలుగేళ్లు ఊడిగం చేసి, సొంత ఊరికి వచ్చి తెర కట్టుకోవడం ఈ వృత్తిలో రివాజు. తెర మీద రాజభవనం మెట్లు, పూలకుండీ, అవతల సరస్సు. తిరునాళ్లలో అయితే తెర మీద విమానమో మోటారు సైకిలో ఉండేది. ఫొటో తీస్తే ఆయుష్షు తరుగుతుందని భయపడిన ముసలమ్మలు కూడా మనవడి పట్టుదలకు లొంగి కుర్చీలో కూర్చునేవారు. "గడ్డం కాస్త కిందికి... అటు చూడండమ్మా... కన్నార్పొద్దు" అనే మంత్రం గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి ఉచ్చారణతో సహా దిగేది.

నలుపు తెలుపు కాలంలో నేర్చుకునేవాడికి అసలు బడి డార్క్ రూమ్. ఎర్ర బల్బు వెలుగు, మూడు ట్రేలు. మొదటి దాంట్లో డెవలపర్: మెటాల్, హైడ్రోక్వినోన్, సోడియం సల్ఫైట్, సోడా, చిటికెడు పొటాషియం బ్రోమైడ్. కొలతలు గురువు నోటికి తెలుసు, కాగితం మీద ఉండవు. రెండో దాంట్లో నీళ్లు. మూడో దాంట్లో బొమ్మను నిలిపే హైపో. పుస్తకం ప్రకారం డెవలపర్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. ఆ పుస్తకం రాసినవాడు రెంటచింతలలో మే నెల చూడలేదు. దాచేపల్లికి దగ్గరలోని ఆ ప్రాంతంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. కుళాయి నీళ్లే కాలుతుంటే ఫిల్ము మీది జెలటిన్ పూత మెత్తబడి, వేలు తగిలిన చోట ఊడి వస్తుంది. కొన్నిసార్లు పూతంతా సన్నటి ముడతలు తేలి, మొహం మీద ఎండిన చెరువు నెర్రెలు కనిపిస్తాయి. అందుకే ఎండాకాలం ఫిల్ములు తెల్లవారుజామున కడిగేవారు. డెవలపర్ గిన్నెను ఐసుగడ్డలున్న పెద్ద బేసిన్లో పెట్టేవారు. హైపోలో పటిక కలిపితే పూత గట్టిపడుతుందన్నది రెండో చిట్కా. ఐసుగడ్డను నేరుగా డెవలపర్లో వేసినవాడికి మాత్రం చీవాట్లు తప్పవు, మందు పలచనైపోతుంది కనుక.

నీళ్లతో ఇంకో తంటా. పల్నాడంతా సున్నపురాయి నేల. నాపరాళ్ల గనులు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు అన్నీ ఆ రాయి మీదే బతుకుతున్నాయి. ఆ నేలలో ఊరే నీళ్లు కరకు నీళ్లు. వాటిలో ఫిల్ము కడిగి ఆరేస్తే, బొట్టు జారిన చోటల్లా తెల్లటి సున్నపు చార మిగులుతుంది. ఆ చార నెగెటివ్ మీద పెళ్లికూతురి నుదుటి దగ్గర పడిందా, అచ్చులో మచ్చ తేలుతుంది. మరిగించి చల్లార్చి గుడ్డలో వడగట్టిన నీళ్లో, పట్టి దాచిన వాన నీళ్లో చివరి కడుగుకు వాడాలి. ఇలాంటి పాఠాన్ని మద్రాసు పుస్తకాల్లోనూ లండన్ పుస్తకాల్లోనూ సాధారణంగా ఒక వాక్యంతో సరిపెడతారు. ఈ నేల మీద పని చేసేవాడికి అది మొదటి వారం పాఠం.

డార్క్ రూమ్ దాటాక వచ్చేది టచింగ్ బల్ల. పూర్వపు స్టూడియోల్లో గురువు చివరగా నేర్పే విద్య ఇదే, కొందరు అసలు నేర్పేవారు కాదు కూడా. ఏటవాలు డెస్కు, నడుమ గీకిన గాజు పలక, దాని కింద కిటికీ వెలుగును పైకి కొట్టే అద్దం. నెగెటివ్‌ను గాజు మీద పెట్టి, పూత ఉన్న వైపు ఒక జిగురు మందును దూదితో పలచగా రుద్దుతారు. అది లేకపోతే పెన్సిల్ పట్టదు. పెన్సిల్ ముల్లు అంగుళం దాకా బయటికి తీసి, గరుకు కాగితం మీద తిప్పుతూ సూదిలా చెక్కుతారు. ఆ మొనతో చిన్న చిన్న సున్నాలు, కామాలు. గీత గీస్తే దొరికిపోతుంది.

ఇక్కడ తలకిందుల లెక్క ఒకటుంది, కొత్తవాడికి నెలలు పడుతుంది బుర్రకెక్కడానికి. నెగెటివ్‌లో నలుపు అచ్చులో తెలుపవుతుంది. కాబట్టి పెన్సిల్‌తో నల్లబరిచిన చోటు ఫొటోలో వెలుగుతుంది. కళ్ల కింది గుంటలు, ముక్కు పక్కన గీతలు పూడ్చడం పెన్సిల్ పని. దేన్నయినా ఫొటోలో నల్లబరచాలంటే సన్నని కత్తి మొనతో పూత గీకాలి. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి జారితే ఆ నెగెటివ్ పోయినట్టే, దానికి రెండో కాపీ లేదు. ఆనాటి పెళ్లిచూపుల ఫొటోల్లో టచింగ్ పెన్సిల్‌కు ఎక్కువ పని పెట్టింది స్ఫోటకపు మచ్చలు. దేశంలో చివరి స్ఫోటకం కేసు 1975లో నమోదైంది. అప్పటిదాకా మొహాల మీద ఆ గుంటలు మామూలు సంగతి. ఒక్కో గుంటనూ విడివిడిగా పూడుస్తూ, ఒక మొహం మీద పూటంతా కూర్చునేవారు.

ఎంత పూడ్చాలన్నదే గురువు చెప్పే సంగతి. మచ్చ పోవాలి, మనిషి పోకూడదు. అన్నీ పూడిస్తే మొహం ఉడికించిన కోడిగుడ్డులా తయారవుతుంది. దగ్గరి చుట్టాలే పోల్చుకోలేరు. అందుకే మంచి పనివాడు నవ్వు గీతల్ని సగం ఉంచేవాడు, చెంప ఎముక దగ్గర నీడను ముట్టుకునేవాడు కాదు. ఈ "ఎక్కడ ఆపాలి" అన్నది ఏ సామగ్రితోనూ రాదు. పక్కన కూర్చున్న వాడి చేతి మీద చిన్న దెబ్బ వేసి "చాల్లే" అని చెప్పే మనిషి ఉండాలి.

అచ్చు వచ్చాక రంగులద్దే పని వేరే ఉండేది. పారదర్శకమైన ఫొటో రంగులతో పెదవులకు ఎరుపు, చీర అంచుకు జరీ పసుపు, బుగ్గలకు లేత గులాబి. పోయినవాళ్ల పటాలకు ఈ విద్య బాగా ఎక్కేది. విడిగా ఒక్క ఫొటో కూడా దిగకుండా పోయిన తాతను, ఎప్పుడో పెళ్లిలో గుంపు వెనక నిలబడిన గ్రూపు ఫొటోలోంచి వెతికి పట్టి, మళ్లీ ఫొటో తీసి పెద్దది చేసి, ఒంటి మీద లేని కోటు వేసి, భుజాన కండువా వేసి, గోడకెక్కించేవారు. ఎప్పుడూ కలిసి ఫొటో దిగని ఆలుమగల్ని పక్కపక్కన కూర్చోబెట్టేవారు. ఒకే మనిషి అటు కూర్చుని ఇటు నిలబడినట్టు తీసే 'డబుల్ యాక్షన్' ఫొటోకు లెన్సును సగం మూసి, ఒకే పలక మీద రెండుసార్లు బొమ్మ పట్టాలి. 1957లో 'మాయాబజార్'లో మార్కస్ బార్‌ట్లీ తెర మీద చూపించిన కొన్ని గారడీలకూ మూలసూత్రం అదే. బార్‌ట్లీ కూడా మొదట్లో పత్రికకు స్టిల్ ఫొటోలు తీసినవాడే.

ఈ మధ్యలో పల్నాటి పడమటి కొసన కెమెరాకు ఒక పెద్ద పని పడింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని ముందే తెలుసు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఆ లోయనంతా తవ్వి, కొలిచి, ఫొటోలు తీసింది. ఇక్ష్వాకుల విహారాలు, స్నానఘట్టాలు ఉన్న చోట ఉన్నట్టు కనిపించేది ఇప్పుడు ఆ నెగెటివ్‌ల్లోనే. కొన్ని కట్టడాల్ని ఎత్తి కొండ మీద, గట్టు మీద మళ్లీ కట్టారు, మిగతాదంతా నీళ్ల అడుగున ఉంది. 1967లో కుడి కాలువకు నీళ్లు వదిలాక పల్నాటి మెట్ట నేలల్లోకి డబ్బు కూడా పారింది. ఊరూరా స్టూడియోలు నిలదొక్కుకోవడానికి ఆ డబ్బు పెద్ద ఆసరా.

అప్పటికి గాజు పలకలు పోయి 120 ఫిల్ము రోలు వచ్చింది. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ చేసిన 'ఇందు' ఫిల్ము స్టూడియోలకు అందుబాటులో ఉండేది. యాషికా జంట కటకాల కెమెరా మెడలో వేలాడదీసుకుని పైనుంచి వంగి చూస్తే బొమ్మ కుడిఎడమలు తారుమారై కనిపిస్తుంది. పెళ్లికొడుకు కుడికి కదిలితే తెర మీద ఎడమకు కదులుతాడు. అలవాటు పడేదాకా శిష్యుడు తప్పు దిక్కుకే తిరిగేవాడు. పైగా రోలుకు 12 బొమ్మలే. జీలకర్ర–బెల్లానికి ఒకటి, మంగళసూత్రానికి ఒకటి, తలంబ్రాలకు రెండు అని ముందే మనసులో పంచుకోవాలి. ఇప్పటి కుర్రాడు తలంబ్రాలకే మూడొందలు నొక్కుతాడు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ మూడొందల్లోంచి ఏరుకోవడం అన్న కొత్త పని వచ్చి నెత్తిన పడింది.

ఫొటో గుర్తింపు కార్డులు ఇవ్వాలని 1993లో టి.ఎన్. శేషన్ సారథ్యంలో ఎన్నికల సంఘం నిర్ణయించాక, అంతదాకా కెమెరా ముందు నిలబడని లక్షల మంది మొహాలు ఫొటోలయ్యాయి. ఆ కార్డుల మీది బొమ్మల నాణ్యత గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. కానీ చాలా ఇళ్లలో పోయినవాళ్ల పటాలకు ఆధారం ఆ కార్డు మీది తపాలా బిళ్లంత బొమ్మే.

ఈ వృత్తి చరిత్రలో దారం అసలు ఎక్కడ తెగిందంటే చాలామంది డిజిటల్ కెమెరా పేరు చెబుతారు. తెగింది అంతకు ముందే, రంగు ఫిల్ముతో. రంగు నెగెటివ్ కడగడానికి మందు దాదాపు 38 డిగ్రీల దగ్గర, అర డిగ్రీ కూడా అటూ ఇటూ కాకుండా ఉండాలి. చిన్న స్టూడియోలో ట్రేలు పెట్టుకుని చేసే పని కాదది. ఫిల్ము రోళ్లు బస్సెక్కి గుంటూరుకో విజయవాడకో హైదరాబాదుకో కలర్ ల్యాబులకు వెళ్లి, అచ్చయి తిరిగొచ్చేవి. డార్క్ రూములు సామాన్లు పడేసుకునే గదులయ్యాయి. టచింగ్ డెస్కులు అటకెక్కాయి. ఆ కాలంలో పనిలోకి వచ్చిన తరానికి తీయడమే తెలుసు, దిద్దడం తెలియదు. దిద్దేది ఎక్కడో ల్యాబులో ముఖపరిచయం లేని ఆపరేటరు. వీడియో వచ్చాక 'మిక్సింగ్' కూడా పట్నాల్లోనే. పెళ్లికొడుకు మొహం చుట్టూ తిరిగే గులాబీ పూలు, పగిలే హృదయాలు ఆనాటి మిక్సింగ్ ప్రసాదం. వాటిని చూసి ఇప్పుడు నవ్వుకునేవాళ్లు ఆ క్యాసెట్లను ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ వేసి చూపించినవాళ్లే.

డిజిటల్ చేసిన మేలు ఏమిటంటే, ఊరి స్టూడియో పోగొట్టుకున్న సగం పనిని తిరిగి తెచ్చి దాని గుమ్మంలో పెట్టింది. ఫొటోషాప్ పుట్టుక కథ ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న థామస్ నోల్, సినిమా గ్రాఫిక్స్ చేసే తమ్ముడు జాన్ కలిసి తయారుచేసిన ప్రోగ్రాము అది. 1990 ఫిబ్రవరిలో అడోబి దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. వాళ్ల నాన్న గ్లెన్ నోల్ ప్రొఫెసరు, ఇంట్లోనే డార్క్ రూమ్ పెట్టుకున్న ఫొటో పిచ్చివాడు. థామస్ అచ్చు వేయడం నేర్చింది ఆ గదిలోనే. అందుకే ఫొటోషాప్ పనిముట్ల పట్టీలో డార్క్ రూమ్ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. 'డాడ్జ్' బొమ్మ చూడండి: పుల్లకు అతికించిన గుండ్రటి అట్టముక్క. అచ్చు వేసేటప్పుడు మొహం మీద పడే వెలుగును అడ్డుకోవడానికి ఎన్‌లార్జర్ కింద ఆడించేది అదే. 'బర్న్' బొమ్మ వేళ్లు గుండ్రంగా ముడిచిన చెయ్యి. ఆ వేళ్ల సందులోంచి వెలుగు వదిలి ఒక చోటును నల్లబరిచేవారు. మన టచింగ్ బల్ల దగ్గర కూర్చున్న ముసలాయనకు మౌసు పట్టడం రాకపోవచ్చు గానీ, ఆ రెండు బొమ్మలు చూపిస్తే ఎందుకో చెప్పనక్కర్లేదు.

2000 తర్వాత కంప్యూటర్లు ఊళ్లలోకి దిగాయి. ఫొటోషాప్ 7, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు, ఫ్లెక్సీ బోర్డులు, 12 అంగుళాలకు 36 అంగుళాల 'కరిష్మా' ఆల్బమ్ షీట్లు. ఎడిటింగ్, డిజైనింగ్ అనే కొత్త పేర్లతో పాత స్టూలు మళ్లీ పడింది. తొలి పదేళ్లు గుంటూరు, హైదరాబాదు నుంచి డీవీడీల్లో కొనుక్కొచ్చిన రెడీమేడ్ పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) డిజైన్లు రాజ్యమేలాయి. పల్నాటి పెళ్లికూతురు స్విట్జర్లాండ్ మంచుకొండల ముందు, తాజ్‌మహల్ పక్కన, జలపాతం మీద తేలేది. రాజభవనం మెట్ల తెర నుంచి మంచుకొండల దాకా చూస్తే కోరిక ఒక్కటే, బట్టమీది రంగు కాస్తా పిక్సెళ్లయింది.

చదువు కోసం బడులు లేవని కాదు. హైదరాబాదులో లలితకళల కళాశాల ఎప్పటి నుంచో ఫొటోగ్రఫీ నేర్పుతోంది. కోరుట్లలో 1939లో పుట్టిన బండి రాజన్ బాబు హైదరాబాదులో సొంతంగా ఫొటోగ్రఫీ స్కూలు నడిపి, 2011లో పోయేదాకా ఎందరినో తయారుచేశారు. గిరిజనుల మీద ఆయన తీసిన నలుపు తెలుపు బొమ్మల్లో డార్క్ రూమ్ చదువు ఎంత లోతైందో కనిపిస్తుంది. ఐటీఐల్లో డిజిటల్ ఫొటోగ్రాఫర్ కోర్సు ఉంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీలో నెల రోజుల పాటు ఉచితంగా నేర్పుతున్నాయి. ఫోనులో తెలుగు పాఠాలకు లెక్కే లేదు. లేయర్ అంటే ఏమిటో, మాస్క్ ఎలా వేయాలో వాటిలో శుభ్రంగా వస్తుంది.

అయినా దాచేపల్లి పిల్లవాడు స్టూలు వెతుక్కుంటూ ఎందుకు పోతున్నాడు? పెళ్లిపందిరిలో ఎక్కడ నిలబడాలో ఏ పాఠమూ చెప్పదు. జీలకర్ర–బెల్లం పెట్టే ఘడియలో అడ్డుతెర దిగగానే చుట్టాలు మీదపడతారు, ప్రతివాడి చేతిలో ఒక ఫోను. పురోహితుడి ఎడమ భుజం వెనక మోకాలి మీద కూర్చుంటే తప్ప వధూవరుల చేతులు, కళ్లు ఒకే బొమ్మలో దొరకవు. ఆ చోటు అరగంట ముందే పట్టాలి. ఎవరు మేనమామో, ఏ పెద్దాయన ఫొటో లేకపోతే ఆల్బమ్ ఇచ్చే రోజు గొడవవుతుందో ముందురోజే కనుక్కోవాలి. పసుపు నీళ్లు చల్లిన పెళ్లికూతురి మీద ఎల్ఈడీ లైట్లు పడితే రంగు చచ్చి ఆకుపచ్చ తిరుగుతుంది. దాన్ని సరిచేస్తూ పసుపును పసుపుగానే ఉంచడం కష్టమైన పని. తెలియనివాడు చర్మం తెల్లబరిచే పనిలో పసుపునంతా కడిగేస్తాడు.

తెల్లబరచడం గురించి ఒక మాట. టచింగ్ పెన్సిల్ రోజుల నుంచీ గిరాకీ దానికే. పెళ్లిచూపుల ఫొటో అనగానే "కాస్త తెల్లగా చెయ్యండి" అనడం, స్టూడియోవాడు మారు మాట్లాడకుండా చేయడం అలవాటైపోయింది. ఇప్పుడు ఒక్క మీట నొక్కితే పందిరంతా ఒకే రంగు మొహాలతో నిండిపోతుంది. నల్లటి మనిషిని నల్లగానే అందంగా చూపించడానికి వెలుగు ఎటునుంచి వేయాలో తెలియాలి. వెలుగు వేయడం రానివాడే తెల్లరంగు మీద ఆధారపడతాడని ఖచ్చితంగా చెప్పొచ్చు. ఈ ఒక్క విషయంలో మన పాత గురువుల్లో చాలామంది కూడా దారి చూపలేదు, గిరాకీకి తల ఊపారు.

ఏటా ఆగస్టు 19న రెండు తెలుగు రాష్ట్రాల్లోని చిన్నా పెద్దా ఊళ్లలో ఫొటోగ్రాఫర్ల సంఘాలు ఒక ఫ్రెంచి ఆయన పటానికి పూలదండ వేస్తాయి. లూయీ డాగురే కనిపెట్టిన పద్ధతిని 1839లో అదే రోజున పారిస్‌లో లోకానికి వెల్లడించారు. మన దేశం మొహం చూడని ఆ పెద్దమనిషికి గుంటూరు సీమలో దండ పడుతోంది గానీ, ఊళ్లో మొదటి తెర కట్టిన మనిషి పేరు ఆ సభలో వినిపించడం అరుదు.

పాత స్టూడియోలు మూతపడ్డప్పుడు గాజు నెగెటివ్‌లను గీకి పటాల అద్దాలకు అమ్ముకున్నవాళ్లున్నారు. ఫిల్ము నెగెటివ్‌లను వెండి కోసం తూకానికి వేసినవాళ్లూ ఉన్నారు. దాచేపల్లి, గురజాల, మాచర్ల, పిడుగురాళ్ల పరిసరాల్లో ఎవరి అటక మీదైనా అలాంటి పెట్టెలుంటే దయచేసి తూకానికి వేయకండి. నీళ్లతో కడగొద్దు, గుడ్డతో తుడవొద్దు, ఒక్కోదాన్ని కాగితపు కవరులో వేసి నిలబెట్టి పెట్టండి. కిటికీ అద్దానికి ఆనించి ఫోనుతో తీసి రంగులు తిప్పేస్తే చాలు, అందులో ఎవరున్నారో తెలుస్తుంది. పేరు, ఊరు, ఏడాది తెలిసినవాళ్లు బతికుండగానే కవరు మీద పెన్సిల్‌తో రాయించండి.